గడువు ఎవరికి?

పరిపాలన యనునది గడువులతో నడచు వ్యవహారమని పట్టణమున కాపురముండు ప్రతి గృహస్థుడును ఎఱుగును. ఇంట బిడ్డ పుట్టినచో 21 దినములలో ఆ సంగతి నమోదు చేయింపవలెను. ఆ దినములు దాటినచో ఆలస్యపు రుసుము చెల్లింపవలెను. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువునకై తిరుగవలెను. ఇంటిపన్ను ఆఱు మాసముల కొకమారు కట్టవలెను. తప్పినచో అపరాధపు వడ్డీ పైబడును. పురపాలక సంఘమునకు పౌరుడు చేయవలసిన ప్రతి పనికిని గడువున్నది. గడువు దాటినందులకు దండన యున్నది. సంఘము పౌరునకు చేయవలసిన పనుల విషయమున ఇట్టి గడువు, ఇట్టి దండన యున్నవా యని ప్రశ్నించినచో సమాధానము అంత సులభముగా దొరకదు. ఈ వారము మేము చర్చింపదలచినది ఇట్టి ప్రశ్నయే. సంఘము తన చేతిలోనున్న మన స్వవిషయములను అజాగ్రత్తగా వాడినప్పుడు, ఇతరుల పాలు చేసినప్పుడు, మనము ఫిర్యాదు చేయుటకు ఎంత కాలమున్నది? ఆ కాలము ఏ దినమునుండి లెక్కకు వచ్చును? ఆ లెక్క వ్రాయువారెవరు?

విషయము చిన్నదిగా తోచవచ్చును. గుమాస్తాలకును న్యాయవాదులకును సంబంధించిన చిల్లర వ్యవహారమని కొందరు పఠనమందిరములో ఈ పుటను త్రిప్పివేయవచ్చును. అట్లు చేయవలదని మా మనవి. పురపాలక కార్యాలయమున మన యొక్కొక్కరిని గూర్చి ఎంత వ్రాసియున్నదో ఒక్క నిమిషము తలచుకొనుడు. జననమరణముల దాఖలాలు అచ్చట నున్నవి. ఇల్లెవరిది, దాని కొలతలెంత, విలువ యెంత, పన్ను బకాయి యెంత, ఇవి యున్నవి. కుళాయి ఎవరి పేరనున్నది, దుకాణపు లైసెన్సు ఎవరిది, కట్టడపు ప్లాను ఏ తీరుననున్నది, అవియు నున్నవి. పింఛనునకో ఇంటికో అర్జీ పెట్టిన పేదవాని కులము, ఆదాయము, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, అవిటితనముండినచో దానిని గూర్చిన వైద్యుని ధ్రువపత్రము, ఇవన్నియు ఆ కచేరిలో చేరుచున్నవి. పూర్వము ఇట్టివి బీరువాలలో కట్టలు కట్టి, ధూళి పట్టి యుండెడివి. దొంగిలింపదలచినవాడు తాళము పగులగొట్టి మోసికొని పోవలసియుండెను. నేడు అవి కంప్యూటరులో నున్నవి. ఒక మీట నొక్కినచో పట్టణమంతటి వివరములు నిమిషములో ఊరు దాటును, దేశమును దాటును. కలవాడు తన వివరములు ఈయక తప్పించుకొనుటకు ఏదో మార్గము వెదకుకొనగలడు. లేనివాడు ఈయనిదే పింఛను రాదు, ఇల్లు రాదు. కావున ఈ విషయమున ఎక్కువ నష్టమునకు లోబడియుండువాడు పేదవాడే.

ఈ అపకారమునకు ఒక విశేష లక్షణము కలదు. సంఘమువారు వీధిలో గొయ్యి త్రవ్వి పూడ్చక విడిచినచో, దానిలో పడినవానికి ఆ క్షణముననే తెలియును. మురుగునీరు వాకిట నిలిచినచో ముక్కునకే తెలియును. వివరములు బయటికి పొక్కినప్పుడు మాత్రము ఇంటివారికి ఏ గుర్తును కానరాదు. నెలలు గడచిన పిదప ఎవడో అపరిచితుడు ఫోనులో పేరుపెట్టి పిలిచి, ఖాతా సంఖ్యను తానే చదివి, నమ్మించి సొమ్ము లాగుకొనును. అప్పుడైనను ఆ అంకెలు ఏ కచేరినుండి పోయినవో సొమ్ము పోగొట్టుకొనినవానికి అంతుపట్టదు. తప్పు జరిగిన దినము తప్పు చేసినవానికి తెలిసియుండవచ్చును, నష్టపడినవానికి తెలియదు. ఇట్టి స్థితిలో గడువును నష్టపడినవాని నెత్తిన పెట్టి, తప్పు చేసినవానిని నిశ్చింతగా కూర్చుండనిచ్చుట న్యాయమును తలక్రిందులు చేయుటయే యగును.

ఈ విషయమున చిరకాలముగా చట్టములు చేసికొని అమలుపఱచుచున్న దేశములలో ఇంగ్లాండు ఒకటి. ఆ దేశపు పద్ధతులన్నియు మనకు అనుకరణీయములని మేము చెప్పబోము. కాని ముందు నడచినవాని కాలికి తగిలిన ముండ్లను చూచి వెనుక వచ్చువాడు జాగ్రత్తపడుట వివేకము. అంతేగాక మన తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు అనేకులు ఆ దేశపు పట్టణములలో కాపురముండి, అచ్చటి కౌన్సిళ్ళకు తమ వివరములు ఇచ్చుచున్నారు. కావున అచ్చటి న్యాయము మనవారికిని సంబంధించినదే.

2018 నాటి చట్టమును, దానితో కూడ అమలులోనున్న నియమావళిని అనుసరించి, అచ్చట ఏ మనుష్యుడైనను తన్ను గూర్చి కౌన్సిలువద్ద ఏమేమి వ్రాసియున్నదో చూపుమని అడుగవచ్చును. ఒక మాసములో కౌన్సిలు చూపవలెను. వ్యవహారము చిక్కైనదైనచో మఱి రెండు మాసములు తీసికొనవచ్చును. కౌన్సిలు చేసిన పనివలన తృప్తి కలుగనిచో ముందు కౌన్సిలునకే ఫిర్యాదు చేసి, పిదప సమాచార కమిషనరు నాశ్రయింపవలెను. కమిషనరునకు ఫిర్యాదు చేయుటకు ఇన్ని దినములే యని ఆ చట్టములో వ్రాసియుండలేదు. అయినను కమిషనరు కార్యాలయమువారు తమంతట తామొక కట్టుబాటు ఏర్పఱచుకొనిరి. కౌన్సిలుతో జరిగిన చివరి సార్థకమైన ఉత్తరప్రత్యుత్తరము మొదలుకొని మూడు మాసములలో రావలెననియు, తగని ఆలస్యముతో వచ్చిన ఫిర్యాదును తాము చేపట్టకపోవచ్చుననియు ప్రజలకు చెప్పుచు వచ్చిరి. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇట్టి చోటనే పుట్టియుండును.

"చివరి సార్థకమైన" యను రెండు మాటలలోనే చిక్కంతయు నున్నది. "మీ లేఖ అందినది, పరిశీలించుచున్నాము" అని కొన్ని వారముల కొక జాబు వచ్చుచున్నచో, వానిలో సార్థకమేది, నిరర్థకమేది? అధికారుల మంచిమాట నమ్మి ఓపికతో కూర్చుండినవానికి, మూడు మాసముల క్రిందటి పాతజాబే చివరిదని ఎవరైన లెక్కగట్టినచో, ఆ ఓపికయే అపరాధమగును. తొందరపడి ముందుగా పోయినవానిని, ఇంకను కౌన్సిలుతో తేల్చుకొని రమ్మని త్రిప్పి పంపుదురు. ముందు పోయినను తప్పే, వెనుక పోయినను తప్పే. గడువు మొదలైన దినము పౌరునకు తెలియనప్పుడు ఆ గడువు మూడు మాసములైననేమి, మూడు దినములైననేమి?

ఇక కౌన్సిళ్ళును వానిపై అధికారులును తమ వంతు కాలమును ఎట్లు వాడుకొనిరో రెండు ఉదాహరణములవలన తెలిసికొనవచ్చును.

మొదటిది లండను మహానగరములోని న్యూహామ్ కౌన్సిలు సంగతి. పోలీసువారు తయారుచేసిన ముఠాల జాబితాను 2017 జనవరిలో ఆ కౌన్సిలు ఉద్యోగి యొకరు 44 మందికి ఈమెయిలులో పంపిరి. వివరములు మఱుగుపఱచిన ప్రతితోపాటు మఱుగుపఱచని ప్రతియు పోయినది. 203 మంది జన్మదినములు, ఇంటి చిరునామాలు, ఏ ముఠాకు చెందినవారని అనుమానమో, ఆయుధములు వెంట నుంచుకొందురో లేదో, ఇన్ని వివరములు దానిలో నుండెను. ఆ సంవత్సరము మే, సెప్టెంబరు నెలల నడుమ ఆ కాగితముల ఛాయాచిత్రములు ప్రత్యర్థి ముఠాలవారి చేతబడెను. ఆ యేడు ఆ ప్రాంతమున ముఠాల దౌర్జన్యములు జరిగినవి. దెబ్బతినినవారిలో జాబితాలోని వారును ఉండిరి. ఆ దౌర్జన్యములకు ఈ వెల్లడియే కారణమని కమిషనరు నిర్ణయింపలేదు. మేమును అట్లు అనము. కాని కౌన్సిలువారు ఈ సంగతిని కమిషనరునకు తెలుపలేదు. సంగతి తెలిసిన చాల కాలమునకు, 2017 డిసెంబరులో గాని తమ సొంత విచారణమునైనను ఆరంభింపలేదు. దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొరిగిన చందముగా నున్నది. 2019 ఏప్రిలులో కమిషనరు ఆ కౌన్సిలునకు 1,45,000 పౌనుల జుల్మానా విధించెను.

రెండవది అదే నగరములోని హాక్నీ కౌన్సిలు సంగతి. 2020 అక్టోబరులో దుండగులు ఆ కౌన్సిలు కంప్యూటరులలో చొరబడి 4,40,000 దస్త్రములను తెఱువ వీలులేకుండ బంధించిరి. కనీసము 2,80,000 మంది నివాసుల వివరములు దానికి లోబడినవి. కమిషనరు తన నిర్ణయమును 2024 జులైలో ప్రకటించెను. అది జుల్మానా కాదు, మందలింపు. ప్రభుత్వ సంస్థలకు జుల్మానా విధించినచో ఆ సొమ్ము ప్రజల సేవలనుండియే పోవును గనుక, సాధ్యమైనంతవరకు మందలించి విడుచుట మేలని 2022 నుండి ఆ కార్యాలయమువారు అవలంబించిన పద్ధతి యది. ఆ వాదములో కొంత యుక్తి లేకపోలేదు. కాని లెక్క చూడుడు. పౌరునకు మూడు మాసములు. అధికారికి మూడు సంవత్సరముల తొమ్మిది మాసములు. ఈ రెండు గడువులను తక్కెడలో వేసినచో ఏ సిబ్బి నేలనంటునో చెప్పనక్కరలేదు.

ఆ దేశపు న్యాయములో మెచ్చుకొనదగిన అంశములును కలవు. నష్టపరిహారమునకై న్యాయస్థానమునకు పోదలచినవానికి సాధారణముగా ఆఱు సంవత్సరముల కాలమున్నది. మానవహక్కుల చట్టముక్రింద పోవలెనన్న ఒక సంవత్సరము. ప్రతివాది బుద్ధిపూర్వకముగా సంగతిని దాచిపెట్టినచో, వాదికి అది తెలియువరకు గాని, తగిన శ్రద్ధతో తెలిసికొనగలిగియుండు వరకు గాని కాలము లెక్కకు రాదని 1980 నాటి కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. కౌన్సిళ్ళ దుష్పరిపాలనమును విచారించు ఓంబుడ్సుమను ఎదుట ఫిర్యాదుకు పండ్రెండు మాసముల గడువున్నది. అదియు తప్పు జరిగిన దినమునుండి గాక, బాధితునకు తెలిసిన దినమునుండియే ఎంచబడును. తగిన కారణమున్నచో ఆ గడువును సడలింపవచ్చును. 2025 చట్టమొకటి, వివరములు పెట్టుకొనిన ప్రతి సంస్థయు ఫిర్యాదు అందినట్లు 30 దినములలో తెలుపవలెనని విధించినది. ఒకే దేశములో, ఒకే కౌన్సిలుపై, ఒకే తప్పునకు మూడు మాసములనియు, సంవత్సరమనియు, ఆఱు సంవత్సరములనియు ఇన్ని గడియారములు వేఱువేఱుగా నడచుచున్నవి. పండితుడే తికమకపడును, పామరుని గతి యేమి?

ఇప్పుడు మన యింటి సంగతి చూతము. స్వవిషయగోప్యత రాజ్యాంగము హామీయిచ్చిన ప్రాథమికమైన హక్కని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆఱు సంవత్సరముల పిదప, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది. దానిని అమలుపఱచు నియమములు ప్రకటించుటకు మఱి రెండేండ్లకు పైగా పట్టినది. అవి 2025 నవంబరులో వెలువడినవి. ఆ ప్రకటనలోనే పౌరుల హక్కులును సంస్థల విధులును 18 మాసముల తరువాత, అనగా 2027 మే నెల నుండి అమలులోనికి వచ్చునట్లు నిర్ణయింపబడినది. హక్కు కలదని న్యాయస్థానము చెప్పిన నాటికిని, ఆ హక్కు భంగమైనప్పుడు ఈ చట్టముక్రింద ఫిర్యాదు చేసికొన వీలగు నాటికిని నడుమ తొమ్మిది సంవత్సరములు దాటినవి. ప్రభుత్వము తనకు తాను ఇచ్చుకొనిన గడువు ఇది.

ఈ చట్టము పురపాలక సంఘములకును వర్తించును. రాజ్యాంగము 12వ అధికరణమున "రాజ్యము" అను మాటకు చెప్పిన అర్థములో స్థానిక సంస్థలు చేరియున్నవి. ఈ చట్టమును ఆ యర్థమునే గ్రహించినది. అయితే రాజ్యమునకు కొన్ని మినహాయింపులున్నవి. పని తీరిన పిదప వివరములను తుడిచివేయుమని పౌరుడు వ్యాపారిని అడుగవచ్చును గాని, రాజ్యపు సంస్థను ఈ చట్టముక్రింద అట్లు బలవంతపెట్టజాలడు. కేంద్రప్రభుత్వము కొన్ని సంస్థలను దేశభద్రతాది కారణములచేత ఈ చట్టమునుండి పూర్తిగా తప్పింపను వచ్చును.

ఇక ఫిర్యాదు నడచు బాట ఎట్టిదో చూడుడు. పౌరుడు ముందుగా సంఘమునకే ఫిర్యాదు చేయవలెను. ఆ మార్గము ముగియనిదే పైకి పోరాదు. సంఘము 90 దినములకు మించకుండ సమాధాన మీయవలెను. పిదప సమాచార సంరక్షణ బోర్డు. బోర్డు తన విచారణమును ఆఱు మాసములలో ముగింపవలెను. కాని కారణములు వ్రాసికొని మూడేసి మాసముల చొప్పున పొడిగించుకొనవచ్చును. ఎన్నిమార్లు పొడిగింపవచ్చునో నియమములలో లేదు. బోర్డు నిర్ణయము నచ్చనివాడు 60 దినములలో అప్పీలు చేయవలెను. ఆ అప్పీలును ఆఱు మాసములలో తీర్చుటకు ట్రిబ్యునలు ప్రయత్నింపవలెను. ఒక్క పొడిగింపును లేకుండ, ప్రతివారును తమ కాలమును పూర్తిగా వాడుకొనినచో, పౌరుడు అప్పీలు వ్రాసికొను దినములు విడిచియే, పదునైదు మాసములు. ఈ బాటలో ఒకచోట గడువు తప్పినచో వ్యవహారము ముగిసిపోవు ప్రమాదము పౌరునకే; బోర్డు గాని ట్రిబ్యునలు గాని గడువు తప్పినచో వారికి కలుగు నష్టమేమియు కానరాదు.

ఇంతకాలము తిరిగి గెలిచినవానికి వచ్చునదేమి? నష్టపరిహారము ఇప్పించు అధికారము బోర్డునకు లేదు. వివరములను తగినట్లు కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. ఆ సొమ్ము భారత సంచిత నిధికి చేరును. పురపాలక సంఘమునకు జుల్మానా పడినదనుకొనుడు. అది మన యింటిపన్నులనుండియే పోవును, ఢిల్లీకి చేరును. వివరములు పోగొట్టుకొనిన వితంతువునకు గవ్వయు రాదు. పైగా అబద్ధపు ఫిర్యాదు గాని, నిరర్థకమైన ఫిర్యాదు గాని చేసిన పౌరునకు పదివేల రూపాయలవరకు దండన వేయవచ్చును. నిరర్థకమేదో తేల్చువారు పైవారే.

ఒక్క విషయమున మన చట్టమును మెచ్చుకొనవలెను. ఇన్ని దినములలో ఫిర్యాదు చేయనిచో హక్కు నశించునని పౌరునిపై అది గడువు విధింపలేదు. కాని ఇంగ్లాండు చట్టమును విధింపలేదు. కార్యాలయపు కట్టుబాటే విధించినది. మన బోర్డును రేపు పని యొత్తిడి పెరుగగానే అట్టి కట్టుబాటు చేసికొనదని నమ్ముటకు ఆధారమేమి? తలుపు మూయకముందే గడపలో కాలు పెట్టవలెనని మేము ఇప్పుడే ఈ విషయమును ఎత్తుచున్నాము.

మన ప్రాంతమున జరిగిన దొకటి ఇచ్చట స్మరింపదగును. 2018 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,30,000 మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, వానితోపాటు కులము, బ్యాంకు వివరములు ఎల్లరకు కనబడుచున్నవని పత్రికలు ప్రకటించినవి. ఇంటికొఱకు అర్జీ పెట్టుకొనినవారు వారు. వారిలో ఎందరు ఆ వెబ్‌సైటు చూచియుందురు? ఎందరికి ఆ వార్త చేరియుండును? అట్టివారి విషయమున మూడు మాసముల లెక్క ఏ దినమునుండి మొదలుపెట్టవలెనో ఎవరైన చెప్పగలరా? కంచెయే చేను మేసినప్పుడు, మేసిన సంగతి రైతునకు చెప్పవలసినది ఎవరు?

గడువులు ఉండనేకూడదని మా వాదము కాదు. గడువులకు కారణములున్నవి. కాలము గడచిన కొలది కాగితములు చెడును, కంప్యూటరులోని జాడలు చెరగును, ఉద్యోగులు బదిలీయై పోదురు, సాక్షుల జ్ఞాపకము మసకబారును. పదేండ్ల క్రిందటి తగవులను త్రవ్వుచు కూర్చుండినచో సంఘమునకు నేటి పని సాగదు. ద్వేషముచేత పదేపదే అర్జీలు గుప్పించువారును ఊరిలో లేకపోరు. ఇవన్నియు మేము ఒప్పుకొందుము. కాని ఈ కారణములన్నియు అధికారి త్వరపడవలెనని చెప్పుచున్నవే గాని, తెలియనివాని నోరు మూయవలెనని చెప్పుటలేదు. జాడలు చెరగునను భయమున్నచో జాడలను భద్రపఱచవలసినవాడు ఎవడు? దస్త్రము ఎవరి చేతిలోనున్నదో వాడే.

తెలియనివానికి కాలము నడువదను న్యాయము మనకు క్రొత్తది కాదు. మోసముచేత సంగతి దాచబడినప్పుడు, అది బయటపడువరకు గాని, తగిన శ్రద్ధతో తెలిసికొనగలిగినంతవరకు గాని గడువు మొదలు కాదని మన 1963 నాటి కాలపరిమితి చట్టము 17వ సెక్షనులోనే యున్నది. అధికారిని గడువుతో బంధించు విద్యయు మనకు క్రొత్తది కాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము అధికారి 30 దినములలో సమాధానము చెప్పవలెను. చెప్పకపోయినచో నిరాకరించినట్లే యెంచబడును. సరియైన కారణము లేక ఆలసించిన అధికారి దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలవరకు తానే చెల్లింపవలసియుండును. పౌరుడు అప్పీలునకు 30 దినములు దాటి వచ్చినను తగిన కారణమున్నచో స్వీకరింపవచ్చును. ఆ చట్టమును అమలుపఱచుటలో లోపములెన్ని యున్నను, దానిలోని నీతి సరియైనది: అధికారికి కఠినము, పౌరునకు దయ. స్వవిషయ సంరక్షణ చట్టమును వ్రాసినవారికి ఈ మాదిరి కంటి ఎదుటనే యుండెను. దానిని విడిచి 90 దినములను ఏల ఎంచుకొనిరో మాకు బోధపడుటలేదు.

కావున మేము కోరునవి ఇవి. మొదటిది, వివరములు బయటపడినప్పుడు ఆ సంగతి ప్రతి బాధితునకును తెలుపవలెనని చట్టమే చెప్పుచున్నది. బోర్డునకు పూర్తి వివరములు 72 గంటలలో పంపవలెననియు నియమమున్నది. ఆ తెలుపుట వెబ్‌సైటు మూలలో ఇంగ్లీషున ఒక ప్రకటన అతికించుటతో ముగియరాదు. తెలుగులో, పేరుపెట్టి, ఇంటికి చేరునట్లు తెలుపవలెను. తెలిపిన నాటినుండి మాత్రమే ఏ గడువైనను మొదలు కావలెను. రెండవది, సంఘము ఇచ్చు తుది సమాధానముపై "ఇది తుది సమాధానము" అని స్పష్టముగా వ్రాసి, ఇక ఎచ్చటికి పోవలెనో, ఏ తేదీలోపల పోవలెనో దానిలోనే తెలుపవలెను. అట్లు వ్రాయని జాబు ఎన్నటికిని గడువునకు మొదలు కారాదు. మూడవది, 90 దినములను 30 దినములకు తగ్గింపవలెను. ఆ లోపల పలుకనిచో నిరాకరించినట్లు ఎంచి పౌరుని పైకి పోనీయవలెను. నాల్గవది, బోర్డు తన విచారణమును పొడిగించుకొనుట ఒక్కమారుతో ఆగవలెను. ఐదవది, నష్టపడినవానికి పరిహారము ఇప్పించు అధికారము బోర్డునకు ఈయవలెను. జుల్మానా పట్టణపు ఖజానానుండియే పోవునట్లు గాక, బుద్ధిపూర్వకముగా దాచిన అధికారి తానే కొంత భరింపవలెను.

వీనిలో కొన్నిటికి పార్లమెంటు పూనుకొనవలెను. దానికై మన సభ్యులను మనము అడుగవలెను. కాని మొదటి మూడింటిలో చాలభాగము ఏ పురపాలక సంఘమైనను రేపటి సమావేశముననే తీర్మానించి ఆచరింపవచ్చును. 90 దినములలో సమాధానమీయవలెనన్న చట్టము 30 దినములలో ఈయరాదని చెప్పలేదు. అర్జీ అందిన దినముననే రశీదు ఇచ్చుటకు, స్వవిషయముల ఫిర్యాదుకు ఒక అధికారి పేరు నోటీసుబల్లపై వ్రాయుటకు, ఫిర్యాదుల పట్టికను మూడు మాసముల కొకమారు కౌన్సిలు సమావేశమున చదువుటకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములను స్వపరిపాలన సంస్థలని పేర్కొన్నది. స్వపరిపాలన యనగా పన్ను వసూలు చేయు అధికారము మాత్రమేనా? తన్ను తాను నియమించుకొను శక్తి దానిలో చేరదా? పైవారు కొరడా ఎత్తువరకు కదలని సంఘమునకు స్వపరిపాలన యను మాట ఎట్లు తగును?

ప్రజలు చేయవలసినదియు కొంత యున్నది. అర్జీ నోటిమాటగా ఈయక కాగితముపై ఈయుడు. రశీదు లేనిదే కచేరి గడప దిగకుడు. వచ్చిన ప్రతి జాబుపైనను అందిన తేదీ వేసి దాచుకొనుడు. జాబు అర్థము కానిచో, ఇది తుది సమాధానమా కాదా యని ఆ వారముననే వ్రాసి అడుగుడు. చదువరులు చదువురాని పొరుగువానికి ఈ పని చేసిపెట్టుట పఠనమందిరములకు శోభ తెచ్చును. మీ వార్డు సభ్యుడు ఓట్లకై వచ్చినప్పుడు వీధిదీపములను గూర్చి అడుగుదురు గదా, మా వివరములు ఎవరి చేతిలోనున్నవి, పోయినచో ఎన్ని దినములలో మాకు చెప్పుదురు అనియు అడుగుడు. సభలో ఆ ప్రశ్నను ఒక్క సభ్యుడు వేసినను, కచేరిలో పది దస్త్రములు కదలును.

సంఘము పౌరుని సేవకై యేర్పడినది. యజమానియొక్క రహస్యములను చేతబట్టుకొనిన సేవకుడు, అవి పోయినప్పుడు ముందుగా యజమానికి చెప్పవలెను. చెప్పిన పిదపనే, నీవు ఆలసించితివని అనుటకు అతనికి నోరుండును. గడువు మొదట అధికారికి, పిదపనే పౌరునకు. ఈ క్రమము తప్పిన చట్టమును సవరించువరకు మేము ఈ విషయమును విడువము.